కారు కాళ్ళకు కొత్త కడియాలు

మా యింట్లో ఈమధ్య పదిహేను రోజులపాటు పెద్ద యుద్ధం జరిగింది. కారణం డబ్బు కాదు, పొలం కాదు, కోడలంటే ఇంకా రానేలేదు. చక్రాలు! మా కారు చక్రాలు.

మావాడికి ఉద్యోగం పర్మనెంటయింది. ఆ సంతోషంలో ఓ ఆదివారం పొద్దున్నే, "అమ్మా, మన కారుకి అల్లాయ్ వీల్స్ కొనిపెడతాను" అన్నాడు. మావారు చదువుతున్న పేపరు కాస్త కిందికి దించారు.

"ఉన్న చక్రాలకేమొచ్చింది? తిరగడం లేదా?"

"తిరుగుతున్నాయి నాన్నా. చూడ్డానికి బాగాలేవు."

"చక్రాన్ని చూసేదెవరోయ్? లోపల కూచున్నవాడికి కనిపించదు. బయట పోయేవాడికి దాంతో పనిలేదు. అయినా కంపెనీవాడు ఆలోచించి పెట్టినదాన్ని పీకి పారేసి, బజార్లో వాడెవడో పోతపోసింది తగిలించడానికి మనమెవరం?"

అంతటితో తండ్రీ కొడుకులిద్దరూ నా ముఖం చూశారు. ఎప్పుడూ అంతే. వంటలో ఉప్పెక్కువైనప్పుడు నన్నడగరు గానీ, తగువు తీర్చాల్సొస్తే మాత్రం జడ్జీ నేనే. కార్ల గురించి నాకు తెలిసిందల్లా రెండే విషయాలు. తలుపు తీసుకుని ఎక్కడం, ఎక్కాక చీర కొంగు తలుపులో పడకుండా చూసుకోవడం. తెలియని విషయంలో తీర్పు చెప్పడం నాకిష్టం వుండదు. మావారి సంగతి వేరు. అందుకని "పదిహేను రోజులు వాయిదా" అన్నాను. ఆ పదిహేను రోజుల్లో పుస్తకాలూ, ఫోనూ తిరగేసి నేను చదువుకున్న చక్రాల చరిత్రే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. మీ యింట్లోనూ ఈ తగువు ఎప్పుడో ఒకప్పుడు రాకమానదు.

చక్రం దగ్గర కథలు ఆగిపోవడం మనకి కొత్త కాదు. కర్ణుడి రథచక్రం భూమిలో దిగబడింది, కురుక్షేత్రం తేలిపోయింది. మన పెద్దవాళ్ళు చెప్పుకునే కథలో, దశరథుడి రథానికి యుద్ధం మధ్యలో ఇరుసు సీల ఊడిపోతే కైకేయి తన వేలు పెట్టి రథాన్ని నిలబెట్టింది. రామాయణమంతా ఆ వేలి మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు. అన్నట్టు, ఆ కథని మగవాళ్ళెప్పుడూ రెండు వరాల దగ్గర మొదలుపెడతారు. వేలి నొప్పి సంగతి ఎవరూ ఎత్తరు.

మా పుట్టింటి కథ ఇంకా దగ్గరిది. 1978 సంగతి. నాకప్పుడు పదకొండేళ్ళు. మా బాబాయి పెళ్ళి బాపట్లలో, ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకి. పెళ్ళివారంతా మధ్యాహ్నమే గుంటూరు నించి బస్సులో తరలివెళ్ళిపోయారు. కంసాలి దగ్గర ఆలస్యమైన మంగళసూత్రాలు తీసుకుని మా పెదనాన్న, పెద్దమ్మ, నేను రాత్రి తొమ్మిదింటికి ఫియట్టు కార్లో బయల్దేరాం. సూత్రాల భరిణె పెద్దమ్మ ఒళ్ళో. దాన్ని పట్టుకునే కాపలా నాది.

చేబ్రోలు దాటాక మొదటి పంక్చరు. పెదనాన్న ధోవతి పైకి కట్టి, జాకీ వేసి, గంటసేపు చెమటోడ్చి స్టెప్నీ బిగించారు. మళ్ళీ బయల్దేరి నాలుగు మైళ్ళు పోయామో లేదో, ఆ స్టెప్నీ కాస్తా ఢామ్మంది. టార్చిలైటు వేసి చూస్తే టైరు బోడిగుండులా నున్నగా వుంది. అది ఎన్నాళ్ళుగా అలా డిక్కీలో పడుందో ఎవరికీ తెలియదు. చుట్టూ చీకటి. కీచురాళ్ళు. పెద్దమ్మ ఒక్కమాట కూడా అనలేదు. ఆ మౌనానికే పెదనాన్న భయపడ్డారనుకుంటాను.

అర్ధరాత్రి దాటాక గడ్డిబండి ఒకటొచ్చింది. ఎండ తగలకుండా రాత్రి ప్రయాణం పెట్టుకున్నాడా రైతు. పెద్దమ్మ పట్టుచీరతోనే ఆ గడ్డిమీదికెక్కి, నన్ను పక్కన కూచోబెట్టుకుంది. ఇనప పట్టా రాళ్ళమీద కొట్టుకుంటుంటే ఎముకలు కదిలిపోయాయి గానీ ఆ చక్రం మాత్రం ఆగలేదు. పొన్నూరు నించి ఎవరో లారీలో ఎక్కించారు. మేం పందిట్లోకి వెళ్ళేసరికి జీలకర్రా బెల్లం పెట్టేశారు. సూత్రధారణ దగ్గర పురోహితుడుగారు మంత్రాన్ని పాకంలా సాగదీస్తున్నారు! భరిణె చూశాక గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు. ఆనాటి నించీ మా వాళ్ళలో ఎవరు ఊరికి బయల్దేరినా గుమ్మం దాటేముందు అడిగే మాట, "స్టెప్నీ చూశావా?" అని.

ఇంతా చేసి ఆ స్టెప్నీ అన్న మాట ఎక్కడిదో మాలో ఒక్కరికీ తెలియదు. నలభై ఏళ్ళకి పైగా వాడాను, ఈ పదిహేను రోజుల్లోనే తెలిసింది. స్టెప్నీ అన్నది ఒక వీధి పేరు! ఇంగ్లండు పక్కనున్న వేల్సు దేశంలో లానెల్లీ అనే ఊరుంది. ఆ ఊళ్ళో స్టెప్నీ స్ట్రీటు. ఆ వీధిలో థామస్ మోరిస్ డేవీస్, వాల్టర్ డేవీస్ అని ఇద్దరన్నదమ్ములకి ఇనప సామాన్ల కొట్టు వుండేది. 1904లో వాళ్ళు కనిపెట్టిన వస్తువుకి పెట్టుకున్న పేరు మన డిక్కీలో ఇప్పటికీ వుందన్నమాట.

ఆ రోజుల్లో కార్ల అవస్థ ఏమిటో తెలిస్తేగానీ వాళ్ళ గొప్పతనం తెలియదు. గాలి నింపిన టైరు అప్పటికి కొత్త. రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు ఆయన 1845లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు గానీ, అప్పటికి కార్లూ లేవు, సైకిళ్ళూ లేవు. ఆ సంగతి లోకం మరిచిపోయింది. తర్వాత బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు జాన్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళమీద ఎగిరెగిరి పడుతోందని జాలిపడి, రబ్బరు గొట్టంలో గాలి నింపి దాని చక్రాలకి చుట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. కొడుకు అవస్థ చూసి తండ్రి కనిపెట్టిన వస్తువది. అది గుర్తుపెట్టుకోండి, మావారికి తర్వాత చెబుతాను.

గాలి టైరు సుఖంగానే వుంది. కానీ రోడ్లన్నీ గుర్రాలవి. గుర్రపు లాడాల మేకులు దారి పొడుగునా రాలి వుండేవి. అవి దిగబడటం, పంక్చరవటం. అప్పటి కార్లకి చక్రం ఊడదీసే వీలు సాధారణంగా వుండేది కాదు. స్పేరు చక్రం మోసుకెళ్ళే ఆచారమూ లేదు. పంక్చరయితే ఆ ధూళిలోనే మోకాళ్ళమీద కూచుని, చక్రం బండికి వుండగానే టైరు పెకలించి, ట్యూబు లాగి, అతుకేసి, మళ్ళీ ఎక్కించి, చేతిపంపుతో గాలి కొట్టుకోవాలి. వానలో అయితే మరీ అందంగా వుంటుంది కదూ!

డేవీస్ సోదరులు ఏం చేశారంటే, ఆకులు లేని ఒట్టి గుండ్రటి రిమ్ముకి ముందే గాలి నింపిన టైరు తొడిగి అమ్మారు. పంక్చరయిన చక్రాన్ని ఊడదీయక్కర్లేదు. దాని అంచునే ఈ రెండో చక్రాన్ని కొక్కేలతో బిగించేసి ఇంటికి పోవడమే. కాలు బెణికినవాడు పక్కవాడి భుజం మీద చెయ్యేసి నడిచినట్టు. ఆ వస్తువు ఎంత పేరుపొందిందంటే లండన్ టాక్సీలు దాన్ని కట్టుకు తిరిగాయి, ఇతర దేశాలకీ పోయింది. అలాగే మన దేశానికీ వచ్చింది. బ్రెజిలు వాళ్ళు ఇప్పటికీ స్పేరు టైరుని "ఎస్టెపె" అంటారట. మాల్టా ద్వీపంలోనూ స్టెప్నీయే. ఇంగ్లీషు వాళ్ళు మాత్రం ఎప్పుడో మరిచిపోయారు. మన మగవాళ్ళలో కొందరు ఆ మాటని ఇంకో అర్థంలో వాడి తమలో తాము నవ్వుకుంటారు. ఆ నవ్వు మనకక్కర్లేదు. అసలు స్టెప్నీ, కష్టంలో ఇల్లు చేర్చేది.

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగాను. మావారి వాదనేమిటి? కంపెనీవాడు ఇచ్చింది మార్చకూడదని. మరి మొట్టమొదటి స్టెప్నీని కారు కంపెనీవాడు ఇవ్వలేదే! బయట కొట్టువాడు చేసి అమ్మాడు, కారువాళ్ళు కొనుక్కున్నారు. అంటే మా పెదనాన్నగారి డిక్కీలో పడివున్న ఆ బోడిగుండు వంశం కూడా మొదట బజారు వంశమేనన్నమాట. మావాడికి ఒక మార్కు వేశాను.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. రడ్జ్-విట్‌వర్త్ అనే ఇంగ్లీషు సైకిళ్ళ కంపెనీ మధ్యన ఒక్క మరతో మొత్తం ఊడివచ్చే తీగ చక్రాన్ని తయారుచేసింది. చక్రం ఊడదీయడం సులువయ్యాక ప్రక్కన కట్టుకునే స్టెప్నీతో పనిలేకపోయింది. వస్తువు పోయింది, పేరు మిగిలింది. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908 నించి 1927 దాకా ఒకే రకం కారు, టీ మోడలు, కోటిన్నర చేసి అమ్మాడు. 1914 నించి 1925 దాకా అయితే అన్నీ నలుపే. దేశమంతటికీ ఒకే తానులోంచి చొక్కా కుట్టించినట్టు. అందులో మన చొక్కా ఏదో ఎలా గుర్తుపట్టడం? పెళ్ళిలో అందరికీ ఒకే రకం చీర పెడితే, జాకెట్టుతోనో, పూలతోనో కాస్త తేడా చూపించుకోమూ? వాళ్ళూ అంతే. చెక్క చక్రాలు తీసి తీగ చక్రాలు వేసుకున్నవాళ్ళున్నారు. తపాలా క్యాటలాగుల్లో టీ మోడలు సామాన్లకి పేజీలకి పేజీలే వుండేవి.

అల్యూమినియం చక్రం మాత్రం అలంకారంగా పుట్టలేదు. ఫ్రాన్సులోని మోల్షైమ్ ఊళ్ళో ఎట్టోరె బుగాట్టి అని కార్లు చేసే ఆయన, చిత్రకారుల కుటుంబంవాడిలా కార్లని కూడా శిల్పాల్లా చేసేవాడు. నిజంగానే ఆయన తమ్ముడు రెంబ్రాంట్ పేరుపడ్డ శిల్పి. 1924లో లియాన్ పట్నంలో జరిగిన పందెంలోకి ఎట్టోరె తెచ్చిన 35వ నమూనా కారుకి ఎనిమిది పలచటి ఆకులున్న పోత అల్యూమినియం చక్రాలున్నాయి. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతోపాటే ఊడివచ్చేది. ఆ ఆకులకి గాలి తగిలి బ్రేకు చల్లబడుతుందనీ, బరువు తగ్గుతుందనీ ఆలోచన. ఆ కారు బొమ్మ చూశాను. నిజం చెప్పొద్దూ, చక్రాలు చూసే మనసుపడ్డాను.

బరువు సంగతి మావాడు నాకు గంటసేపు చెప్పాడు గానీ, నాకు అర్థమైనది ఇది. నెత్తిమీద రెండు కిలోల బుట్ట పెట్టుకుని నడవచ్చు. అదే రెండు కిలోలు కాళ్ళకి కడియాలుగా తొడిగి నడవమంటే వీధి చివరికి కూలబడతాం. కారులో స్ప్రింగులకి పైనున్న బరువు నెత్తిమీద బుట్ట, కిందనున్న చక్రం కాలి కడియం. అందుకే పందెం కార్లవాళ్ళు గ్రాము గ్రాము లెక్కపెట్టారు. ఒక ఘనపు సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.8 గ్రాములు తూగితే, అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.7 మాత్రమే.

ఆ మెగ్నీషియం దగ్గరే కథ మలుపు తిరిగింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు చవగ్గా దొరికే పాత ఫోర్డు కార్లు కొని, ఎల్ మిరాజ్ అనే ఎండిన చెరువు నేలమీద పందేలు వేసుకునేవారు. విమానాల కర్మాగారాలన్నీ ఆ చుట్టుపక్కలే. విమానాల పరిశ్రమలో పనిచేసిన టెడ్ హాలిబ్రాండ్, పందెం కార్లకి మెగ్నీషియం చక్రాలు పోతపోయడం మొదలుపెట్టాడు. 1950ల్లో ఇండియానాపోలిస్ 500 మైళ్ళ పందెం గెలిచిన కార్లు ఎన్నో ఆయన చక్రాలమీద పరుగెత్తినవే. మన కుర్రాళ్ళు "మ్యాగ్ వీల్స్" అంటారే, ఆ మ్యాగ్ ఈ మెగ్నీషియమే. ఇప్పుడు కొనేవాటిలో ఆ లోహం చాలావరకు వుండదు. కొబ్బరినూనె మానేసినా కొబ్బరి జడ అన్నట్టు పేరు మిగిలింది.

ఎందుకు పోయిందంటే, పదోక్లాసు ప్రయోగశాలలో మాస్టారు ఒక తీగ వెలిగిస్తే కళ్ళు చెదిరేలా తెల్లగా మండింది గుర్తుందా? అదే మెగ్నీషియం. పైగా తేమకి తినేసుకుపోతుంది. పందెంవాడు ప్రతి ఆదివారం చక్రాన్ని పరీక్షించుకుంటాడు. పాలపాకెట్టుకీ, స్కూలుకీ తిరిగే కారుకి అది కుదిరే పని కాదు. కనుక రోడ్డు చక్రాలకి అల్యూమినియమే నిలిచింది. వందపాళ్ళలో 7 పాళ్ళ దాకా సిలికాను కలిపి పోస్తారు. దానివల్ల కరిగిన లోహం అచ్చు మూలమూలకీ సాఫీగా పారుతుంది.

1956లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రోమియో పాలమైడిస్, జిమ్ ఎలిసన్, టామ్ గ్రిఫిత్ కలిసి అమెరికన్ రేసింగ్ అనే కంపెనీ పెట్టారు. అయిదాకుల చక్రం వాళ్ళ చలవే లోకమంతా పాకింది. 1964లో క్రేగర్ కంపెనీ ఎస్ఎస్ అని ఒక చక్రం తెచ్చింది. ఉక్కు రిమ్ము, అల్యూమినియం నడుము, పైన అద్దంలా క్రోమియం పూత. దాని తెలివంతా చిల్లుల్లో వుంది. గుండ్రటి చిల్లులకి బదులు సాగదీసిన చిల్లులు పెట్టి, తగిన వాషర్లు వేస్తే ఒకే చక్రం రకరకాల కార్లకి సరిపోయేటట్టు చేశారు. అమ్మేవాడికి ఎంత సుఖమో చూడండి. నాకు మాత్రం ఇది చదివినప్పుడే గుండె గుబుక్కుమంది. అందరి చేతులకీ సరిపోయే గాజు ఒకటుందంటే మీరు నమ్ముతారా? సరైన వాషరు సరిగ్గా పడితే ఫరవాలేదు. పడకపోతే? కొట్టువాడు సరైనదే వేశాడని ఎవరు చూడొచ్చారు?

ఈ ప్రశ్న వాళ్ళకీ వచ్చింది. 1963లో ఆ విడిసామాన్ల తయారీదారులే సీమా అనే సంఘంగా ఏర్పడి, వస్తువులకి కొలమానాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. 1966లో అమెరికా ప్రభుత్వం కార్ల భద్రతకి చట్టమే చేసింది. జపాను వాళ్ళు ఇంకో అడుగు వేసి చక్రం మీదే గుర్తులు పోతపోయించారు. జేడబ్ల్యూఎల్ అని వుంటే, నియమాల ప్రకారం నేనే పరీక్షించానని తయారీదారు చెప్పుకోవడం. వీఐఏ అని కూడా వుంటే, వేరేవాళ్ళు పరీక్షించారని అర్థం. మా అబ్బాయి బుద్ధిమంతుడని నేను చెప్పడం ఒకటి, పక్కింటావిడ చెప్పడం ఇంకొకటి కదా! ఆ పరీక్షలేమిటంటే, చక్రాన్ని వంచే బరువు పెట్టి లక్షల చుట్లు తిప్పడం, టైరుతో సహా అదిమిపెట్టి దొర్లించడం, పైనించి పెద్ద దిమ్మ దాని అంచుమీద పడెయ్యడం. అత్తవారింట్లో మొదటి సంవత్సరంలా వుంటుందన్నమాట.

మన దేశం సంగతికొస్తే, మనకి చాలాకాలం ఎంచుకునే బాధే లేదు. అంబాసిడరూ, ఫియట్టూ, రెంటికీ ఉక్కు రేకు చక్రాలు, మధ్యన మెరిసే టోపీలు. ఆ టోపీలు రాత్రికి రాత్రి మాయమై మర్నాడు పాతసామాన్ల బజార్లో తేలేవి. చక్రాలు చేసే కంపెనీలు మాత్రం కార్ల కంపెనీలకి వేరుగా ఎప్పటినించో వున్నాయి. 1960లో స్థాపించిన వీల్స్ ఇండియా మద్రాసు పక్కన పాడిలో చక్రాలు చేస్తోంది. కంపెనీవాడి చక్రం, కంపెనీవాడి చక్రం అని మావారు జపించేది కూడా కారు చేసినవాడే స్వయంగా కూచుని చేసిందేమీ కాకపోవచ్చు! అసలు మన ఎడ్లబండి మాటేమిటి? చక్రానికి ఆకులూ, పూటీలూ వడ్రంగి చేస్తే, చుట్టూ ఇనప పట్టా కమ్మరి వేసేవాడు. పిడకల మంటలో పట్టాని ఎర్రగా కాల్చి, చెక్కమీదికి దించి, నీళ్ళు పోస్తే సుయ్యిమని బిగుసుకుపోయేది. కొలత ఒక్క గోరంత తప్పితే మొత్తం వ్యర్థం. ఆ కమ్మరికి తెలిసినంత ఈ రోజున చక్రాల కొట్లో కుర్రాడికి తెలుసా అని నా అనుమానం.

ఆ అనుమానంతోనే, వాయిదా ముగిశాక, ముగ్గురం విజయవాడ ఆటోనగరు వెళ్ళాం. తీర్పు కొట్లోనే చెబుతానన్నాను.

మొదటి కొట్టు అద్దాలతో ధగధగలాడిపోతోంది. మావాడి కళ్ళు పదహారంగుళాల నల్లచక్రం మీద పడ్డాయి. నేను దాన్ని తిప్పించి వెనకవైపు చూశాను. "బాబూ, దీనిమీద గుర్తేదీ?"

"గుర్తెందుకమ్మా, మాలు చూడండి, మాలు!"

"మా కారుకి నాలుగు బోల్టులు. వాటి వలయం అడ్డంగా కొలిస్తే 100 మిల్లీమీటర్లు. దీనికెంత?"

ఆ కుర్రాడు నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. "114. ఏం ఫరవాలేదమ్మగారూ, కొంచెం బోర్ చేసి వేసేస్తాం. అందరికీ అలాగే వేస్తాం." మావారు నావైపు చూశారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ చూపులో గెలుపు లేదు, భయమే వుంది. నాకు పొన్నూరు రోడ్డూ, ఒళ్ళో భరిణె గుర్తొచ్చాయి. "అందరికీ సరిపోయే గాజు మాకొద్దు బాబూ" అని లేచాను.

రెండో కొట్టు చిన్నది. ముసలాయన. చక్రాలు చూపించకముందే, "ఎంతమంది ఎక్కుతారమ్మా, ఎక్కడ తిరుగుతారు?" అనడిగాడు. మా ఊరివైపు గోతులున్నాయంటే, "అయితే పదహారు వద్దు. చక్రం పెద్దదైతే రబ్బరు పలచనవుతుంది. గోతిలో దెబ్బంతా రిమ్ముకే. ఉక్కు సొట్టపడుతుంది, పోత చక్రం పగుల్తుంది" అన్నాడు. మావారి ముఖం వెలిగింది. మావాడి ముఖం వాడింది. డన్‌లప్ గారు కొడుకు సుఖం కోసం గాలి కనిపెడితే, మనం అందం కోసం ఆ గాలినే పలచన చేసుకుంటున్నామన్నమాట. ఆ ముక్క అక్కడే అనేశాను.

లెక్క ఆయనే కాయితం మీద వేశాడు. గాజుల కొలతా అంగుళాల్లోనే, చక్రం కొలతా అంగుళాల్లోనే. టైరు వెడల్పు మాత్రం మిల్లీమీటర్లలో, దాని ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఇంత అని. మా పాత టైరు 155/80 ఆర్ 13. రిమ్ము 330 మిల్లీమీటర్లు, పైనా కిందా రబ్బరు 124 చొప్పున, మొత్తం 578. పధ్నాలుగంగుళాల చక్రానికి 175/65 టైరు వేస్తే మొత్తం 583. తేడా అయిదు మిల్లీమీటర్లు, అంటే నూటికి ఒకటి కూడా లేదు. స్పీడు చూపే ముల్లు అబద్ధమాడదు, టైరు మట్టిరేకుకి తగలదు. "పెద్దది కొన్నంతమాత్రాన తేలిక అనుకోకండి. పెద్ద అల్లాయ్ కొన్ని ఉక్కు కంటే బరువే వుంటాయి" అని కూడా చెప్పాడు. ఏ కొట్టువాడూ సరుకు అమ్ముడుపోకుండా చేసే మాట అంత శ్రద్ధగా చెప్పడం నేను చూడలేదు.

ఆయన ఇచ్చిన చక్రం వెనక గుర్తులున్నాయి. ఎంత బరువు మొయ్యగలదో అంకె వుంది. బోల్టుల కొలత 100. మధ్య చిల్లు మాత్రం మా కారు కుండకంటే కాస్త పెద్దది. దానికి సరిపోయే రింగు వేశాడు. చిల్లుని కారుకి తగ్గట్టు కోయడం వేరు, ఖాళీని రింగుతో పూడ్చడం వేరు అని ఇక్కడ తెలిసింది. రవికె వదులైతే కుట్టు వేస్తాం గానీ భుజం కోసుకోం కదా. నట్లు ఎదురెదురుగా బిగించాడు. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ వచ్చి బిగింపు చూపించుకోమన్నాడు. బీమా కంపెనీకి ఒక ముక్క రాసి పడెయ్యమన్నాడు. చక్రాలకి 22 వేలు, టైర్లు వేరే. మావాడు డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే మావారు మొహం పక్కకి తిప్పుకున్నారు. అది కోపం కాదని నాకు తెలుసు. కొడుకు మొదటిసారి ఇంటి వస్తువుకి డబ్బిస్తుంటే ఏ తండ్రి చూడగలడు?

బయల్దేరబోతుంటే ముసలాయన, "అమ్మా, పాత నట్లు పారెయ్యకండి. మీ స్టెప్నీ ఉక్కుదే వుంది. దానికి ఆ నట్లే కావాలి, ఈ కొత్తవి కూచోవు" అని ఒక చిన్న గుడ్డమూట నా చేతికిచ్చాడు. నేను దాన్ని చేతిసంచీలో వేసుకోబోయి, మళ్ళీ మనసు మార్చుకుని డిక్కీ తీయించాను. స్టెప్నీ మీద బొటనవేలితో నొక్కి చూశాను. మెత్తగా వుంది. గాలి లేదు. ఎన్నాళ్ళుగా లేదో ఎవరికీ తెలియదు.

"ఏమండీ, ఇది చివరిసారి ఎప్పుడు చూశారు?" అన్నాను.

మావారు పెదనాన్నలాగే నిలబడ్డారు. నేను పెద్దమ్మలాగే వూరుకున్నాను. మావాడు గబగబా దాన్ని దింపి గాలి కొట్టించుకొచ్చాడు.

పాత ఉక్కు చక్రాలు నాలుగూ కూడా ఇంటికి తెచ్చాం. తెచ్చి తీరాలన్నారాయన. మెట్లకింద పెట్టారు. నిన్న సాయంత్రం పాత తువ్వాలు కనిపించకపోతే వెతుక్కుంటూ వెళ్ళి చూశాను. పీట వేసుకు కూచుని, ఒక్కొక్క చక్రాన్నీ తుడిచి, తుప్పు పట్టకుండా నూనె రాస్తున్నారు. నన్ను చూసి, "ఆ గుడ్డమూట డిక్కీలోనే వుందిగా?" అన్నారు.